వ్యానులో దీపం, వంటింట్లో దీపం

(విశాఖపట్నంలో ఒక ఆదివారం సాయంత్రం, సొంత వ్యాన్లలో తిరిగేవాళ్ళూ ఇళ్ళు కట్టించుకుంటున్నవాళ్ళూ కలిసి పెట్టుకున్న సభలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ చేసిన ప్రసంగానికి అక్షర రూపం)

అందరికీ నమస్కారమండి. మాట మొదలుపెట్టే ముందు ఒక పని చేస్తాను. ఈ బల్ల మీద రెండు ఎల్ఈడీ పట్టీలున్నాయి చూడండి. రెండూ ఒకే చుట్టలోంచి కోసినవి, ఒక్కోటీ అర మీటరు. ఒకదాన్ని ప్లైవుడ్ ముక్క మీద అంటించాను. రెండోదాన్ని అల్యూమినియం చానల్లో కూర్చోబెట్టి, దాని ముందు అగ్గిపెట్టె కన్నా చిన్న పరికరం ఒకటి తగిలించాను. రెండింటికీ 14.4 వోల్టులు ఇస్తున్నాను. బండి ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర ఇంచుమించు అంతే ఉంటుంది. ఇదిగో, స్విచ్చి వేశాను. ఇవి ఇలా వెలుగుతూ ఉండనివ్వండి. నేను ముగించాక మీరే వచ్చి చెయ్యి పెట్టి చూద్దురుగాని.

మాది గాజువాక. ఆటోనగర్‌లో ముప్ఫై ఏళ్ళుగా బండ్ల కరెంటు పని చేస్తున్నాను. డైనమోలు, సెల్ఫులు, వైరింగు. ఈమధ్య కొన్నేళ్ళుగా నా షెడ్డుకి ఇంకోరకం బండ్లు వస్తున్నాయి. టెంపో ట్రావెలర్ తీసుకుని, వెనక సీట్లు పీకించేసి, ఒక మంచం, గ్యాసు పొయ్యి, చిన్న సింకు పెట్టించుకుని అరకు, లంబసింగి, వంజంగి అని బయల్దేరేవాళ్ళు. వాళ్ళకి లైట్లు పెట్టడంలో నేను నేర్చుకున్నదే నా ఇంటికీ, మా బంధువుల ఇళ్ళకీ తీసుకెళ్ళాను. ఇవాళ చెప్పేదంతా అదే.

కానీ నిజానికి ఇది బండ్లతో మొదలవలేదండి. హుద్‌హుద్ తుఫానుతో మొదలైంది.

2014 అక్టోబరు 12, ఆదివారం. ఈ హాల్లో ఆ తేదీ ఎవరికీ గుర్తుచెయ్యక్కర్లేదు. మా వీధిలో స్తంభాలు పడిపోయి తొమ్మిది రోజులు కరెంటు లేదు. మొదటి రాత్రి ఇంట్లో ఉన్న కొవ్వొత్తులతో గడిచింది. తెల్లారేసరికి కొట్లో కొవ్వొత్తి లేదు. ఆ రాత్రే మా అమ్మ, అప్పటికి డెబ్భై దాటిన మనిషి, బాత్రూముకని లేచి గడప తన్నుకుని పడింది. ఎముక విరగలేదు, దేవుడి దయ. మోచెయ్యి మాత్రం వారం రోజులు కమిలి ఉంది.

పొద్దున్నే షెడ్డుకి వెళ్ళాను. పైరేకులు ఎగిరిపోయాయి. ఒక మూల మారుతీ ఓమ్నీ బ్యాటరీ ఒకటి బాగానే ఉంది. 35 ఆంపియర్ అవర్లది, అంటే గంటకి ఒక ఆంపియరు చొప్పున లాగితే 35 గంటలు వస్తుంది. ఎవరి బండికో రూఫ్ లైటుకని తెచ్చిన ఎల్ఈడీ పట్టీలో మీటరు ముక్క మిగిలి ఉంది. రెండూ ఇంటికి తెచ్చి, మధ్యలో ఒక ఫ్యూజు పెట్టి, పట్టీని హాల్లో క్యాలెండరు మేకుకి వేలాడదీశాను. మీటరుకి 4.8 వాట్లు లాగే రకం అది. అంటే 12 వోల్టుల మీద 0.4 ఆంపియరు. బ్యాటరీని సగానికి మించి దించకుండా వాడుకున్నా నలభై గంటల పైచిలుకు వెలుగుతుంది. రోజుకి ఐదు గంటల లెక్కన ఎనిమిది రోజులు. సరిగ్గా ఆ ఎనిమిది రాత్రులూ మా ఇంటికి అదే దీపం. పక్కింటివాళ్ళు పిల్లల్ని తీసుకొచ్చి మా హాల్లోనే అన్నాలు పెట్టేవాళ్ళు.

అప్పుడు నాకు తట్టింది ఒకటే. ఇరవై ఏళ్ళ అనుభవం ఉండి కూడా, ఇంటి లైటు వేరు, బండి లైటు వేరు అనుకునేవాణ్ణి. ఈ ఎల్ఈడీ వచ్చాక ఆ గోడ లేదు. ఎల్ఈడీకి ఇల్లని తెలీదు, బండని తెలీదు. దానికి కావలసింది తక్కువ వోల్టుల డీసీ కరెంటు, అంటే ఒకే వైపు పారే కరెంటు. పట్టీ మీద కనిపించే ఒక్కో చిన్న ఎల్ఈడీకి, మేం గింజ అంటాం, మూడు వోల్టుల చిల్లర. బ్యాటరీలో ఉన్నదీ అదే జాతి కరెంటు.

ఇంకో సంగతి తర్వాత పేపర్లో చదివి ఆశ్చర్యపోయాను. హుద్‌హుద్‌కి సరిగ్గా ఐదు రోజుల ముందు, అక్టోబరు 7న, భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ప్రకటించారు. ఇసాము అకసాకి, హిరోషి అమానో, షూజి నకమురా అనే ముగ్గురికి. దేనికంటే నీలం ఎల్ఈడీ కనిపెట్టినందుకు. ఎర్ర ఎల్ఈడీ 1962లోనే నిక్ హోలోన్యాక్ చేశారు. టేప్‌రికార్డర్ల మీద ఎర్రచుక్క చూసేవాళ్ళం కదా, ఆ జాతి. కానీ తెల్ల వెలుగు రావాలంటే నీలం కావాలి. నీలం వెలుగు ఇచ్చే చిన్న చిప్పు మీద పసుపు పొడి పూత వేస్తారు. కొంత నీలం అలాగే బయటికొస్తుంది, కొంత ఆ పొడిలో పడి పసుపుగా మారుతుంది, రెండూ కలిసి మన కంటికి తెలుపు. ఆర్పేసిన పట్టీని దగ్గరగా పట్టుకుని చూడండి, ప్రతి గింజలోనూ పసుపు చుక్క కనిపిస్తుంది. మా అమ్మకి దారి చూపించిన ఆ మీటరు పట్టీలో ఉన్నది ఆ ముగ్గురి కష్టమే.

హుద్‌హుద్ తర్వాత కొద్ది నెలల్లోనే మన ఊళ్ళో 90 వేలకు పైగా వీధి దీపాలు ఎల్ఈడీకి మార్చారు. అప్పటిదాకా రాత్రిపూట విశాఖ అంటే పసుపు రంగు, ఆ తర్వాత తెలుపు. 2015 జనవరిలో కేంద్రం ఎల్ఈడీ బల్బులు చవకగా అందించే ఉజాలా పథకం మొదలుపెట్టింది. 2014లో ప్రభుత్వం కొనే ధరే ఒక్కో బల్బుకి 310 రూపాయలుండేది, కొద్ది ఏళ్ళలో 40 లోపుకి దిగింది. మంచిదే. కానీ చవకవగానే మనవాళ్ళు ఏం చేశారు? ఒకటి పెట్టేచోట ఆరు పెట్టారు.

ఇక్కడే వ్యానువాళ్ళని చూసి నేర్చుకోవాలంటాను. వ్యానులో బ్యాటరీ అంటే కుండలో నీళ్ళు. వాడితే తరుగుతాయి, కంటికి కనిపిస్తుంది. కాబట్టి ప్రతి లైటుకీ ముందు ఒక ప్రశ్న వేసుకుంటారు: ఈ వెలుగు ఏ పనికి, ఎక్కడ పడాలి? పొయ్యి మీద పడాలా, పుస్తకం మీద పడాలా, మెట్టు మీద పడాలా? ఇంటివాళ్ళు ఆ ప్రశ్న వెయ్యరు. గది ఎన్ని చదరపు అడుగులు, ఎన్ని లైట్లు పడతాయి అని మాత్రమే అడుగుతారు.

లెక్క చెప్తాను, ఒక్క నిమిషం. వ్యానులో ఆరు లైట్లు అనుకోండి, పాత ఫిలమెంటు బల్బులు, ఒక్కోటీ 21 వాట్లు. మొత్తం 126 వాట్లు, పదిన్నర ఆంపియర్లు. ఐదు గంటలు వెలిగితే 52 ఆంపియర్ అవర్లు దాటింది. 100 ఆంపియర్ అవర్ల సీసం బ్యాటరీని సగానికి మించి దించకూడదు, దించితే దాని ఆయుష్షు తరుగుతుంది. అంటే ఒక్క రాత్రికే ఇచ్చేసింది. ఫ్యాను లేదు, ఫోను ఛార్జింగు లేదు. బండి నడిపే బ్యాటరీ మీదే లైట్లు పెట్టుకున్నవాళ్ళయితే పొద్దున సెల్ఫ్ కొట్టదు, చలిలో నలుగురూ దిగి తొయ్యాలి. అదే వెలుగు ఎల్ఈడీలో ఒక్కో లైటుకి మూడు వాట్లతో వస్తుంది. ఆరూ కలిపి 18 వాట్లు, ఒకటిన్నర ఆంపియరు, ఐదు గంటలకి ఏడున్నర. ఏడో వంతు.

ఇంత బాగుంది కదా, మరి ఎందుకు పోతున్నాయండీ ఇవి, అని అడుగుతారు. డబ్బా మీద పాతిక వేల గంటలు అని రాస్తాడు, ఆరు నెలల్లో మిణుకు మిణుకుమంటుంది. దీనికి జవాబు నేను పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. ఒక బండిని పాడు చేసి తెలుసుకున్నాను.

2016లో సీతమ్మధార నుంచి ఒక దంపతులు ట్రావెలర్ తెచ్చారు. ఇద్దరు పిల్లలు. సీలింగంతా ప్లైవుడ్డు, దాని మీద నాలుగు మీటర్ల పట్టీ అంటించమన్నారు. మీటరుకి 14.4 వాట్లు లాగే రకం, మంచి వెలుగు. చుట్ట పొడుగు చాలక మధ్యలో ఒకచోట రెండు ముక్కలు కలపాల్సి వచ్చింది. సోల్డరింగు పెట్టకుండా ప్లాస్టిక్కు క్లిప్పు నొక్కేశాను. సాయంత్రమైపోయింది, వాళ్ళు పొద్దున్నే బయల్దేరాలి. బ్యాటరీ నుంచి నేరుగా లైన్ ఇచ్చి, 15 ఆంపియర్ల ఫ్యూజు పెట్టి పంపించాను.

అనంతగిరి ఘాట్‌లో ఎక్కుతుండగా, వెనక పిల్లలు బొమ్మలు గీసుకోడానికి లైట్లు వేసుకున్నారట. అరగంటకి వాసన. ఆయన బండి ఆపి నాకు ఫోన్ చేశారు, "మేస్త్రిగారూ, పైన ఏదో మాడుతోంది" అని. అన్నీ ఆపేసి, ఫ్యూజు పీకేసి, చల్లారాక రండి అన్నాను. మర్నాడు బండి చూస్తే పట్టీ జిగురు కరిగి ఒక కొస ఊగుతోంది. క్లిప్పు కరిగిపోయింది. దాని కింద ప్లైవుడ్డు మీద రూపాయి బిళ్ళంత మేర, అట్టు మాడినట్టు గోధుమ రంగు మచ్చ. దాని కిందే చిన్నపిల్ల పడుకునే చోటు. ఆ మచ్చ ఉన్న ముక్కని కోసి తెచ్చుకున్నాను, ఇప్పటికీ నా షెడ్డులో గోడకి ఉంది. ప్రతి కుర్రాడికీ పని నేర్పే ముందు అది చూపిస్తాను.

జరిగింది ఇది. 12 వోల్టుల పట్టీలో మూడేసి గింజలు ఒక వరసలో ఉంటాయి, ఒక్కోటీ మూడు వోల్టులు తీసుకుంటే తొమ్మిది. మిగిలిన మూడు వోల్టులని పక్కనుండే చిన్న నల్ల రెసిస్టరు, అంటే కరెంటుని అదుపులో పెట్టే ముక్క, మింగుతుంది. అందుకే పట్టీని మూడు గింజలకోసారి కోసుకోవచ్చు, అక్కడ కత్తెర గుర్తు ఉంటుంది. ఇప్పుడు 12 బదులు 14.4 వచ్చిందనుకోండి. గింజలు తీసుకునే వోల్టులు పెద్దగా పెరగవు. పెరిగిందంతా ఆ రెసిస్టరు మీదే పడుతుంది. మూడు మింగేది ఐదు మింగాలి. అంటే దారిలో వెళ్ళే కరెంటు ఒకటిన్నర రెట్లు దాటుతుంది. కరెంటు పెరిగింది, వోల్టు కూడా పెరిగింది, రెండూ కలిసి వేడి దాదాపు రెండింతలు. కంటికి మాత్రం "అబ్బ, లైటు ఎంత బాగా వెలుగుతోంది" అనిపిస్తుంది. మోసం అక్కడే ఉంది.

సీసం బ్యాటరీ నిండుగా ఉండి ఊరుకున్నప్పుడు 12.6, 12.7. ఇంజను నడిస్తే 14 పైన. సోలారు కంట్రోలరు ఛార్జింగు చేస్తున్నా 14 పైనే. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ పెట్టుకున్నవాళ్ళకీ ఛార్జింగులో అంతే. "12 వోల్టుల బండి" అనేది పేరు మాత్రమేనండి. అందుకని పట్టీకి ముందు వోల్టేజీ రెగ్యులేటరు పెట్టాలి. వచ్చేది 9 అయినా 18 అయినా పోయేది 12 మాత్రమే. ఈ బల్ల మీద రెండో పట్టీ ముందు తగిలించిన చిన్న పరికరం అదే. దాని కింది అల్యూమినియం చానల్ పట్టీ వేడిని లాగేసుకుంటుంది, ప్లైవుడ్డు ఆ పని చెయ్యదు. వందల రూపాయల్లో పని. లేదంటే 10 నుంచి 30 వోల్టుల దాకా తట్టుకుంటుందని రాసి ఉన్న లైట్లు కొనుక్కోండి, వాటి లోపలే ఆ ఏర్పాటుంటుంది. లారీ, పెద్ద బస్సు ఛాసీ మీద కట్టించుకునేవాళ్ళు జాగ్రత్త, అవి ఎక్కువగా 24 వోల్టులు.

రెండో తప్పు ఆ క్లిప్పు. వదులుగా ఉన్న అతుకులో రేకూ రేకూ సరిగా ఆనకపోతే ఆ చుక్క దగ్గరే వేడి పుడుతుంది. బండి కుదుపుకి ఇంకా వదులవుతుంది. మరి ఫ్యూజు ఎందుకు పోలేదు? ఆ దారిలో 15 ఆంపియర్లు ఎప్పుడూ వెళ్ళలేదు కాబట్టి. ఫ్యూజు వైరుకి కాపలా, వదులు అతుకుకి కాదు. ఇది చాలామంది పనివాళ్ళకే తెలీదు. ఆ రోజు నుంచి నేను బండిలో క్లిప్పు వాడలేదు. సోల్డరింగు, పైన స్లీవు, అంతే.

ఫ్యూజు ఎక్కడ పెట్టాలన్నది కూడా చెప్తాను. బ్యాటరీ ప్లస్సు నుంచి జానెడు దూరంలో. లైటు దగ్గర కాదు. లైటు దగ్గర పెడితే బ్యాటరీకీ ఫ్యూజుకీ మధ్య ఉన్న వైరుకి దిక్కెవరు? ఆ వైరు ఎక్కడో రేకు అంచుకి రాసుకుని ఒలిచిపోతే బ్యాటరీలో ఉన్నదంతా ఒక్క క్షణంలో అక్కడ పడుతుంది.

వైరు లావు సంగతి. ఒక చదరపు మిల్లీమీటరు రాగి వైరు, ఆరు మీటర్ల దూరం, రానూపోనూ పన్నెండు. ఐదు ఆంపియర్లు పంపితే దారిలోనే ఒక వోల్టు పోతుంది. 230లో ఒకటి పోతే లెక్కలేదు, 12లో ఒకటి పోతే వెనక లైటు మసకబారుతుంది. ఒకటిన్నర ఆంపియరైతే పోయేది 0.3 వోల్టు, ఏమీ కాదు. కాబట్టి అన్ని లైట్లూ ఒకే సన్న వైరు మీద గొలుసులా కట్టకండి.

ఇక మన ఊరి ప్రత్యేకం ఉప్పుగాలి. బీచ్ రోడ్డుకి దగ్గర్లో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు, గేటు కీళ్ళని చూస్తే తెలుస్తుంది. రాగి మీద ఆకుపచ్చ చిలుము పడితే కరెంటుకి దారి ఇరుకవుతుంది. పడవలకి వాడే తగరం పూత వైరు దొరికితే అదే వెయ్యండి. పట్టీ కొనేటప్పుడు ఐపీ 65 పైన చూడండి, దుమ్మూ నీళ్ళూ లోపలికి దూరకుండా ఎంత ఆపుతుందో చెప్పే అంకె అది. అతుకులు మూసేటప్పుడు ఇంకొకటి. గోడలకి, సింకులకి పెట్టే సిలికాన్ గొట్టం ఉంటుంది కదా, పిండితే వెనిగరు వాసన కొడుతుంది. ఆ వాసనే యాసిడ్. అది ఆరేలోపు రాగిని తినేస్తుంది. గట్టిగా మూశాం అనుకుంటాం, లోపల మనమే చిలుము పెంచుతున్నాం. న్యూట్రల్ క్యూర్ అని రాసి ఉన్నది అడిగి తీసుకోండి, దానికి ఆ వెనిగరు వాసన ఉండదు.

వ్యానులో ఇన్వర్టర్ పెట్టి, దాని మీద ఇంటి బల్బులు వెలిగించేవాళ్ళున్నారు. ఏం జరుగుతుందో చూడండి. బ్యాటరీలో 12 వోల్టుల డీసీ. ఇన్వర్టర్ దాన్ని ఇంటికొచ్చే రకం 230 వోల్టుల ఏసీ కరెంటు చేస్తుంది. బల్బు మెడలో ఉన్న డ్రైవరు అనే చిన్న సర్క్యూటు దాన్ని మళ్ళీ డీసీగా మారుస్తుంది. విజయనగరం వెళ్ళడానికి అనకాపల్లి మీదుగా పోయినట్టు. ప్రతి మలుపులోనూ కొంత పోతుంది. పైగా లైటు ఆర్పేసినా ఇన్వర్టర్ ఆన్‌లో ఉన్నంతసేపూ కొన్ని వాట్లు తాగుతూనే ఉంటుంది. మూడు వాట్ల లైటు కోసం దానికన్నా ఎక్కువ తినేదాన్ని నిద్రలేపి కూర్చోబెట్టడం ఎందుకు?

ఇప్పుడు ఇంటికొద్దాం. మధురవాడలో ఒక ఇల్లు. కొత్త ఫ్లాటు, హాల్లో ఫాల్స్ సీలింగు, పన్నెండు డౌన్‌లైట్లు, ఒక్కోటీ 12 వాట్లు, 6500 కెల్విన్ల తెలుపు. ఒక లైటు ఆరుతూ వెలుగుతూ ఉందని పిలిచారు. నేను వెళ్ళేసరికి ఇంటాయన బాల్కనీలో చీకట్లో కూర్చుని ఉన్నారు. హాల్లో కూర్చుంటే కళ్ళు గుచ్చుతున్నాయిట. లక్షలు పోసి కట్టిన హాలది! వంటింట్లో ఆవిడ కూరగాయలు తరుగుతున్నారు. లైటు వెనక సీలింగులో ఉంది, ఆవిడ నీడ సరిగ్గా కత్తిపీట మీద పడుతోంది. వెలుగు ఇంటినిండా ఉంది, వేలి దగ్గర లేదు.

హాల్లో పన్నెండింటిలో ఆరు కనెక్షన్ తీసేసి, మిగతా ఆరూ 3000 కెల్విన్లవి మార్చాను. వంటింట్లో పై అరల అడుగున, ముందు అంచుకి దగ్గరగా, చానల్లో మీటరున్నర పట్టీ పెట్టాను. వ్యానులో పొయ్యి దగ్గర పెట్టే పద్ధతే. ఆవిడ స్విచ్చి వేసి ఒక నిమిషం ఏం మాట్లాడలేదు. తర్వాత కొత్తిమీర కట్ట తీసి దాని కింద పెట్టి చూసుకున్నారు.

రంగు గురించి ఒక మాట. కెల్విన్ అంకె తక్కువైతే పసుపు వైపు, ఎక్కువైతే నీలం వైపు. అది అందరికీ తెలుసు. తెలియనిది సీఆర్ఐ. ఈ వెలుగులో రంగులు ఎంత నిజంగా కనపడతాయి అన్నదానికి కొలత అది. ఫిలమెంటు బల్బుకి నూరు. మామూలు ఎల్ఈడీ 80. చవక వాటిల్లో అంతకన్నా తక్కువ. నీలం చిప్పు మీద పసుపు పూత అన్నాను కదా, అందులో తగ్గేది ఎరుపు. కోనాం చేప కొని ఇంటికి తెస్తారు, మొప్ప ఎత్తి ఎరుపు చూస్తారు తాజాగా ఉందో లేదోనని. చవక తెల్ల లైటు కింద మంచి చేప మొప్ప కూడా మట్టిరంగులో ఉంటుంది. పిల్లలకి ఒళ్ళు వెచ్చబడి ముఖం ఎర్రబడినా తెలీదు. వంటింటికి, అద్దం దగ్గరికి, చీరలు చూసుకునే చోటికి 90 సీఆర్ఐ తీసుకోండి. కారిడారుకి, మేడమెట్లకి అక్కర్లేదు.

ఇంటి ఎల్ఈడీ బల్బు పోతే చాలాసార్లు పోయేది గింజ కాదు, మెడలో ఉన్న డ్రైవరు. అందులో ఒక చిన్న కెపాసిటరు ఉంటుంది, లోపల తడి ఉంటుంది, వేడికి ఆ తడి ఆరిపోతుంది. పది డిగ్రీల వేడి పెరిగితే దాని ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది. మూత బిగించిన గాజు బుడ్డిలో, గాలాడని సీలింగు కన్నంలో బల్బు పెడితే అదే గతి. డబ్బా మీద అంకె అబద్ధం కాకపోవచ్చు, కానీ అది మన సీలింగులో లెక్కపెట్టిన అంకె కాదు. కొనేటప్పుడు బీఐఎస్ గుర్తూ, రిజిస్ట్రేషన్ నంబరూ, బీఈఈ నక్షత్రాలూ చూసుకోండి. అవి లేనిది రోడ్డు మీద ఎంత చవకగా వచ్చినా వద్దు.

స్విచ్చి ఆపేసినా బల్బు మసగ్గా వెలుగుతోంది, దెయ్యమేమో అని ఒక పెద్దావిడ భయపడ్డారు. నవ్వే విషయం కాదు. ఒక్కోసారి కారణం చిన్నదే, స్విచ్చిలో ఇండికేటరు దీపం ఉంటే దానిలోంచి కొద్ది కరెంటు కారుతుంది. కానీ ఒక్కోసారి స్విచ్చిని కరెంటు వచ్చే ఫేజు వైరుకి బదులు, తిరిగి పోయే న్యూట్రల్ వైరుకి వేసి ఉంటారు. అంటే స్విచ్చి ఆపినా హోల్డరులో కరెంటు ఉంది. బల్బు మారుద్దామని వేలు పెడితే ప్రాణం మీదికొస్తుంది. పాత ఫిలమెంటు బల్బు ఆ తప్పుని దాచింది, ఎల్ఈడీ బయటపెట్టింది. అలా వెలుగుతుంటే అదృష్టమనుకుని ఆ రోజే మనిషిని పిలిపించి చూపించండి.

చాలామంది ఇళ్ళలో ఇన్వర్టర్ కింద ఒక 12 వోల్టుల బ్యాటరీ ఉంటుంది. మా ఇంట్లో దాన్నుంచి ఫ్యూజూ రెగ్యులేటరూ పెట్టి ఒక సన్నలైను లాగాను. మేడమెట్లకి మూడు గింజల ముక్కలు, వంటింటికి ఒక ముక్క, అమ్మ మంచం నుంచి బాత్రూము దాకా మోకాలెత్తులో పసుపు రంగు ముక్కలు నాలుగు. మొత్తం నాలుగు వాట్లు లేదు. వయసు మీరితే కంటి కటకం పసుపుబారుతుంది, చూడ్డానికి వెలుగు ఎక్కువ కావాలి. కానీ అర్ధరాత్రి నిద్రకళ్ళ మీద ట్యూబులైటు పడితే అంతకన్నా ప్రమాదం, రెండు క్షణాలు ఏమీ కనపడదు. నేల మీద పడే పసుపు వెలుగు చాలు. అమ్మ ఆ తర్వాత ఆరేళ్ళు ఉంది. మళ్ళీ పడలేదు.

చివరిగా, బీచ్‌కి బండ్లు తీసుకెళ్ళేవాళ్ళకి. భీమిలి రోడ్డులో సముద్రానికి ముఖం పెట్టి బండి ఆపి, పక్క పందిరి కింద పెద్ద తెల్ల లైటు వెలిగించి వంట చేసుకుంటారు. చలికాలం చివర్నుంచి ఎండలు ముదిరేదాకా ఆలివ్ రిడ్లే తాబేళ్ళు మన ఒడ్డున గుడ్లు పెడతాయి. ఆర్కే బీచ్, సాగర్‌నగర్, జోడుగుళ్ళపాలెంలో అటవీశాఖవాళ్ళు గుడ్లు ఏరి పొదిగిస్తారు. అన్నీ దొరకవు కదా. పిల్లలు ఎక్కువగా రాత్రిపూట ఇసకలోంచి పైకొస్తాయి. ఎటు తేటగా ఉంటే అటు పాకుతాయి. వాటి లెక్కలో తేటగా ఉండేది సముద్రమే. మన లైటు తేటగా ఉంటే రోడ్డు మీదికొస్తాయి. ఆ దారిలో పొద్దున్నే ఎండిపోయి ఉన్న ఒక తాబేలు పిల్లని చూశాను, అరచేతిలో సగం కూడా లేదు. ఎల్ఈడీ ఎంత బలమైన ఎరో జాలర్లకి తెలుసు. సముద్రంలో ఎల్ఈడీ లైట్లు వేసి చేపల్ని రప్పించి పట్టడాన్ని 2017లో కేంద్రం నిషేధించింది. ఒడ్డున మీకు కావాలంటే ఎరుపో, ముదురు పసుపో వాడండి, కిందికి పడేలా, సముద్రం వైపు బండి అడ్డుండేలా. పురుగులు కూడా తక్కువొస్తాయి.

నేను చెప్పదలచింది అయిందండి. ప్రశ్నలుంటే తర్వాత, టీ తాగుతూ మాట్లాడుకుందాం. ముందు ఈ బల్ల దగ్గరికి రండి. ప్లైవుడ్ మీద పట్టీ ఎక్కువ వెలుగుతున్నట్టుంది కదూ? దానికి వేలు నొక్కి పెట్టి, మనసులో పది లెక్కపెట్టండి. చూద్దాం, ఎంతదాకా లెక్కపెట్టగలరో. తర్వాత ఈ చానల్ని చేత్తో పట్టుకోండి. పిల్లల్ని కూడా ముందుకి పంపండమ్మా. నెమ్మదిగా, ఒక్కొక్కళ్ళే.